ఏ పోగుకు అతికింది?

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ల్యాబులో కణాలకు కొత్త మీడియం, అంటే అవి తిని పెరిగే ద్రవం, పోస్తుండగా బాపు ఫోన్ చేశాడు. బాపు ఆ టైంలో ఎప్పుడూ చేయడు. "పెద్దబాపు పోయిండు బిడ్డ" అన్నాడు. చాయ తాగి, కప్పు కడిగి బోర్లించి, గద్దె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. అప్పటికి నేను ఎనిమిది డిష్షుల్లో మూడింటికే మీడియం పోశాను. మిగతా ఐదింటికీ పోసి, మూతలు పెట్టి, ఇంక్యుబేటర్లో సర్ది, అప్పుడు ఏడ్చాను. నాది రాతిగుండె అని మీరు అనుకోవచ్చు. చేతిలో పని సగంలో వదిలి లేచిపోయేవాళ్ళను మా పెద్దబాపు ఎన్ని తిట్లు తిట్టేవాడో తెలిస్తే అలా అనుకోరు.

మా వైపు తండ్రిని బాపు అంటాం, తండ్రి అన్నను పెద్దబాపు అంటాం. మా పెద్దబాపు సిరిసిల్లలో వైపని చేసేవాడు. ఆ మాట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. సాంచ వెనక పడుగు నూలు చుట్టిన పెద్ద గొట్టం ఉంటుంది, అది భీము. ఒక భీము అయిపోయాక కొత్తది ఎక్కిస్తారు. పాత నూలు కొసలు సాంచలోనే ఉంటాయి. కొత్త భీములోని ఒక్కొక్క పోగునూ వెతికి, దాని వరసలోని పాత పోగుకు అతకాలి. ముడి వేయరు. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెడతారు. అలా కొన్ని వేల పోగులు, వంచిన నడుము వంచినట్టే. సాంచలు నడిపేవాళ్ళ గురించి, సాంచలున్న ఆసాముల గురించి పేపర్లో అప్పుడప్పుడు వస్తుంది. వైపని చేసేవాళ్ళ గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే నేను రాస్తున్నాను, అందులోనూ గర్వంగా రాస్తున్నాను.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా బాగున్నావా అని అడగకముందే చొక్కా అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసేవాడు. నేను జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు కోరుట్లలోని అత్తగారింటికి పోతూ నా దగ్గర దిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు వార్డెన్ మేడం కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె గది కిటికీ పరదా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది మన సిరిసిల్లదే. అతుకు మాత్రం నాది గాదు" అన్నాడు. ఆమె ఏం అనుకుందో ఏమో, ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా ఆ పరదా సర్దుకునేది.

పెద్దమ్మది కోరుట్ల. బీడీలు చుట్టేది. ఇద్దరూ వేళ్లతో బతికినవాళ్ళే. ఒకరి వేళ్లు పొగాకు వాసన, ఇంకొకరివి బూడిద రంగు. పిల్లలు లేరు. "నిన్ను మీ అవ్వ కన్నది గని నువ్వు మా దానివే" అనేది పెద్దమ్మ, మా అమ్మ ముందే. ఆమె చెప్పిన ఒక సంగతి ముందు చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక భీము అతికాడు. అంచుకు ఎర్ర పోగులు, మధ్యలో తెల్లవి. ఆసామి నెత్తి మీద నిలబడి తొందరపెడుతుంటే, ఒకచోట ఎర్ర పోగును పక్కనున్న తెల్లదానికి అతికేశాడు. అక్కడి నుంచి వరస ఒక పోగు జరిగిపోయింది. సాంచ ఆగలేదు. గుడ్డ వస్తూనే ఉంది. ఎవరూ చూడలేదు. సాయంత్రం ఇంటికి పోతూ గుడ్డ ముందు నిలబడి చూసినవాడు, సాంచ తానే ఆపి, ఆసామిని పిలిచి, తప్పు తనదని చెప్పాడు. ఆ రాత్రి నుంచి నెల దాకా ఆ ఆసామి ఆయనను పనికి పిలవలేదు.

"ఎవ్వలు సూడలేదు గదా, ఎందుకు చెప్పినవని నేను కొట్లాడిన" అనేది పెద్దమ్మ. "దాటిన పోగు ఊకోదు, రేపు పక్క పోగును గూడ తెంపుతది అన్నడు. గీయనతోని ఎట్ల ఏగాలె చెప్పు!" కొట్లాడినట్టు చెప్పేది గానీ చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది.

నేను డిగ్రీలో ఉండగానే పెద్దమ్మకు అండాశయంలో కాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు. కొన్ని నెలలకు స్కాన్ తీసి, మచ్చ లేదు, అంతా శుభ్రంగా ఉందని డాక్టర్లు చెప్పారు. మొక్కు తీర్చుకోవడానికి ఇద్దరూ కొండగట్టుకు పోయి, అక్కడి నుంచి జగిత్యాల వచ్చి నాకు ప్రసాదం ఇచ్చి పోయారు. పెద్దమ్మ తలకు కొత్తగా వస్తున్న వెంట్రుకలను చెయ్యి పెట్టి చూడమంది. ఏడాది తిరగకుండానే జబ్బు మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దమ్మను తీసుకుని గానీ పోలేదు.

ఆస్పత్రి వరండాలో పెద్దబాపు డాక్టరును అడిగిన మాట నేను విన్నాను. "మచ్చ లేదంటిరి గదా సారూ. మచ్చ లేకుంటె మంచిగైనట్టు గాదా?" డాక్టరు మంచివాడే, భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత పక్క వార్డులోకి వెళ్ళిపోయాడు. పెద్దబాపు ఆయన వెళ్ళేదాకా అక్కడే నిలబడి, తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సదువు బిడ్డ. గిది సదువు" అన్నాడు. నేను ఈ సబ్జెక్టులోకి ఎలా వచ్చానని ఎవరైనా అడిగితే ఆసక్తి, అభిరుచి అని ఏవేవో చెబుతుంటాను. అసలు కారణం ఆ వరండా.

హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరాను. నా పని ఏమిటో కొంచెం ఓపిక చేసుకుని వినండి. కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏ మొత్తానికి ఇంకొక ప్రతి రాసుకోవాలి. మామూలు కణం సరుకు సరిచూసుకుని నిదానంగా రాస్తుంది. కాన్సర్ కణానికి ఆ ఓపిక లేదు. సరుకు చాలకముందే మొదలుపెడుతుంది, ఆగవలసిన చోట ఆగదు. రాసే యంత్రం దారిలో చిక్కుకుపోతుంది, చిక్కుకున్నచోట డీఎన్ఏ తెగుతుంది. తెగినదాన్ని కణం బాగుచేసుకోవాలి, లేకపోతే చస్తుంది. బాగుచేసుకోవడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, అప్పుడే తయారైన జంట ప్రతిని పక్కన పెట్టుకుని, దాన్ని చూసి తెగినచోటి నుంచి మళ్ళీ సరిగ్గా రాసుకోవడం. రెండోది, ఎదురుపడ్డ రెండు కొసలను పట్టి కలిపేయడం. రాస్తూ రాస్తూ తెగినప్పుడు చిక్కేమిటంటే, చాలాసార్లు అక్కడ ఒక్క కొసే మిగులుతుంది. దానికి జత ఉండదు.

ఇదంతా మొదటిసారి సిరిసిల్లలో, సాంచల చప్పుడులో అరుస్తూ పెద్దబాపుకు చెప్పాను. ఆయన పని ఆపకుండా విన్నాడు.

"జత లేని కొస మాకు గూడ ఉంటది" అన్నాడు. "తెగిన పోగు కొస ఒక్కోపారి భీములకు వోయి దాసుకుంటది. దొరకది."

"అప్పుడేం చేస్తవ్ పెద్దబాపు?"

"సాంచ ఆపి, భీము ఎనుకకు తిప్పి ఎతుకుత. ఓపిక లేనోడు పక్క పోగుకు తగిలించి నడిపిస్తడు." ఇంకో పోగు మెలిపెడుతూ, "మరి నీ కణంల గీ వైపని ఎవ్వలు చేస్తరు?" అన్నాడు.

"ప్రోటీన్లని ఉంటయి. అవే చేస్తయి."

"వాటికి ఆసామి ఎవ్వలు?"

"ఎవ్వరు లేరు పెద్దబాపు."

"ఆసామి లేకుంటనే గింత పని నడుస్తదా!" అని పక్క సాంచల వాళ్ళను పిలిచి మరీ చెప్పాడు. "ఇనుండ్రి, మా బిడ్డ ఏం చెప్తున్నదో!" ఆ రోజంతా మా కణాల గురించే మాట్లాడుకున్నారట. నా లెక్చర్‌కు అంత మంది శ్రోతలు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

ఇంత చెప్పి ఇది దాచకూడదు. ల్యాబులో చేరిన కొత్తలో మీ పెద్దనాన్న ఏం చేస్తారని స్నేహితులు అడిగితే "టెక్స్‌టైల్స్‌లో ఉన్నారు" అని చెప్పాను. వాళ్ళు బట్టల షాపు అనుకున్నారు. నేను కాదనలేదు.

మూడో ఏడు నా ప్రయోగం పండింది అనుకున్నాను. పెద్దమ్మకు వచ్చినటువంటి కాన్సర్ కణాలవి. వాటిలో కొన్నింటికి మొదటి దారిని నడిపే జన్యువు పాడైపోయి ఉంటుంది. కణాల మీద ఒత్తిడి పెట్టి డీఎన్ఏ తెగేలా చేశాను. తెగినచోట రంగు చుక్కలు మెరిసేలా చేసే పద్ధతి ఒకటి ఉంది. మొదటి రోజు నీలం కణాల నిండా ఎర్రచుక్కలు. మర్నాడు చూస్తే దాదాపు అన్నీ మాయం. ఆ జన్యువు లేకపోయినా కణం ఎలాగో బాగుచేసుకుంటోంది అని తేల్చేసి, లెక్కలు కట్టి, గ్రాఫులు గీసి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని దసరాకు ఇంటికి పోయాను.

పెద్దబాపు లాప్‌టాప్‌ను కూడా వెలుతురుకు ఎత్తి చూడబోయాడు. నేను ఆపాను.

"గివి తెగినయి. గివి తెల్లారి అతికినయి. సూసినవా?" అన్నాను, నాకు తెలియకుండానే నా ల్యాబు తెలుగు ఎగిరిపోయి.

ఆయన రెండు బొమ్మలనూ చాలాసేపు చూశాడు. "అతికిందని ఎట్ల తెలుసు?"

"చుక్కలు పోయినయి గదా."

"చుక్క వోయింది సరే" అన్నాడు. "ఏ పోగుకు అతికింది?"

నేను నవ్వాను. గట్లుండది పెద్దబాపు, ఇది వేరు అన్నాను. ఆయన వెళ్ళి బూడిద చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. తిరిగిపోయేటప్పుడు బస్సు సిద్దిపేట కూడా దాటలేదు, లాప్‌టాప్ తెరిచి ఆ రెండు బొమ్మలనూ మళ్ళీ చూడడం మొదలుపెట్టాను. చుక్క పోవడమంటే తెగిన కొస ఇప్పుడు తెగినట్టుగా లేదని మాత్రమే అర్థం. దానికి దాని చోటు దొరికిందో, పరాయి కొసకు తగులుకుందో ఆ చుక్క చెప్పదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. పుస్తకాల్లో ఉన్నదే, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. నా కళ్ళ ముందున్న నా కణాలను ఆ మాట అడగాలని మాత్రం నాకు తోచలేదు. మచ్చ లేదంటే మంచిగైనట్టు కాదని ఆయన ఒకసారి ఖరీదైన పాఠం నేర్చుకుని ఉన్నాడు. నేను అదే వరండాలో నిలబడి కూడా నేర్చుకోలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు వేరే పని చేయలేదు. చీలబోతున్న కణాలను పట్టి, గాజుపలక మీద పరిచి, క్రోమోజోములను ఒక్కొక్కటిగా చూశాను. మెడ పట్టేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. చుక్కలు మాయమైన కణాల్లోనే కనపడింది. ఒక క్రోమోజోము ముక్క పోయి ఇంకొకదానికి అతుక్కుని ఉంది. కొన్నిచోట్ల మూడు కలిసి ముళ్ళకంపలా ఉన్నాయి. అలా తగులుకున్నవి తర్వాతి చీలికలో రెండు వైపులా లాగబడి మళ్ళీ తెగుతాయి. దాటిన పోగు ఊకోదు.

ల్యాబ్ మీటింగులో ఆ బొమ్మలు చూపించాను. మా గైడు మేడం పొగడడంలో మహా పిసినారి. ఆమె కుర్చీలో ముందుకు వంగి, "చుక్కలతో ఆగిపోకుండా ఇది చూడాలని ఎవరికి తట్టింది?" అని అడిగారు.

"నాకే మేడం" అన్నాను.

అంతే. రెండు మాటలు. "మంచి ప్రశ్న" అన్నారు ఆమె. అందరూ బల్ల మీద తట్టారు. ఆ పొగడ్త కోసం నేను మూడేళ్ళు ఎదురుచూశాను. అది వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు. సిరిసిల్లలో వైపని చేసే మా పెద్దబాపుకు తట్టింది అంటే నవ్వుతారేమోనని భయం. నవ్వరని తెలిసీ భయం.

ఆ వారమే ఊరికి పోయి ఆయనతో చెప్పేశాను. నీ మాట నాదని చెప్పుకున్నాను పెద్దబాపు అన్నాను. ఆయన సాంచ కింద నుంచి లేచి నడుము సరిచేసుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"మాట ఎవ్వలదైతేంది బిడ్డ, పని నీది గదా" అన్నాడు ముందు. తర్వాత నా మొహం చూసి, ఇంకేదో అనిపించినట్టుంది. "గని అడిగిర్రా నిన్ను?"

"అడిగిన్రు."

"అడగకుంటె ఏం లేదు. అడిగితె ఉన్నది చెప్పాలె."

ఆ మాట అనేసి పనిలోకి వంగిపోయాడు. నేను బూడిద గిన్నె పక్కన కూర్చుని, ఆయన అతుకుతున్న పోగులు చూస్తూ ఉండిపోయాను. మేడం దగ్గరికి పోయి చెప్పాలని వారంవారం అనుకునేదాన్ని. వారంవారం వాయిదా పడేది. ఆరు నెలలు గడిచాయి, థీసిస్ పూర్తయింది. కృతజ్ఞతల పేజీలో మా పెద్దబాపుకు అని ఒక లైను రాశాను. అందులో ఆ ప్రశ్న సంగతి లేదు. ఆ పేజీ చూసుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరి పరీక్ష నాడు, అందరి ముందు నా పని చెప్పుకునే రోజు, బాపుతో కలిసి ఆయన హైదరాబాదు వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాల. ముందు వరసలో కూర్చోమంటే వినలేదు. "ముంగల కూసుంటె పోగే కనవడ్తది. గుడ్డ కనవడాల్నంటె ఎనుకనే ఉండాలె" అని చివరి వరసకు పోయాడు. ఇంగ్లీషులో నలభై నిమిషాలు మాట్లాడాను. ఆయనకు మాట అర్థం కాలేదు గానీ ప్రతి బొమ్మా అర్థమైంది. ముళ్ళకంప బొమ్మ వచ్చినప్పుడు పక్కనున్న బాపును మోచేత్తో పొడవడం స్టేజీ మీది నుంచి చూశాను.

నన్ను పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన కోస్తా వైపు మనిషి. కటువుగా అడుగుతారని పేరు. థీసిస్ తిప్పుతూ ఒకచోట ఆగి, "నీ మొదటి ప్లానులో క్రోమోజోములు లేవు. మధ్యలో వచ్చాయి. ఎందుకు చూడాలనిపించింది?" అని తెలుగులోనే అడిగారు.

మేడం ముందు వరసలో ఉన్నారు. చెప్పడానికి మర్యాదైన జవాబులు నాలుగు తయారుగా ఉన్నాయి నా దగ్గర.

"నాకు అనిపించలేదు సార్" అన్నాను. "మా పెద్దబాపు అడిగాడు. సిరిసిల్లలో సాంచల మీద వైపని చేస్తాడు, తెగిన పోగులు అతుకుతాడు. చుక్క పోయింది సరే, ఏ పోగుకు అతికింది అని అడిగాడు. నాకే తట్టిందని మా మేడంతో అబద్ధం చెప్పాను. అదిగో, చివరి వరసలో ఉన్నాడు."

హాలంతా వెనక్కి తిరిగింది. మేడం నా వైపు ఒకసారి చూశారు, తర్వాత ఆమె కూడా వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించారు. పెద్దబాపు తనను పిలిచారనుకుని తువ్వాల భుజం మీది నుంచి తీసి లేచి నిలబడ్డాడు.

పెద్దాయన కళ్ళద్దాలు తీశారు. "అయ్యా, ఇంకా ఏమైనా అడగాల్సింది ఉందా ఈ అమ్మాయిని?" అన్నారు. సరదాకు అన్నారో నిజంగా అన్నారో నాకిప్పటికీ తెలియదు. పెద్దబాపు మాత్రం నిజంగానే తీసుకున్నాడు.

"ఉన్నది సారూ" అన్నాడు. "తెగినయి సూసిర్రు. అతికినయి సూసిర్రు. పోగు తెగకముందు సన్నవడ్తది. సన్నవడ్డయి అన్ని తెగయి. కొన్ని గట్లనే నడుస్తయి, గుడ్డలకు గూడ వోతయి. ఏది తెగుతది, ఏది తెగది, గది సూసిర్రా?"

పెద్దాయన నా వైపు చూశారు. నేను మేడం వైపు చూశాను. మేడం అప్పటికే పెన్ను తీసి రాసుకుంటున్నారు. ఆమె వెనక ఇంకో ఇద్దరు కూడా రాసుకుంటున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఈ రోజుకీ పూర్తిగా దొరకలేదు. బాపు ఫోన్ చేసిన ఆ మంగళవారం పొద్దున నేను మీడియం పోస్తున్నది ఆ జవాబు కోసం పెంచుతున్న కణాలకే.

హాలులో ఆయనకు రెండో పక్కన కూర్చున్నతను మర్యాదగా, "కూర్చోండి పెద్దాయనా" అని చెయ్యి పట్టుకున్నాడు. పెద్దబాపు కూర్చోలేదు. నా వైపే చూస్తూ, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఉండుండ్రి. బిడ్డ చెప్తది."